తెర ఎవరి సొత్తు?

ఒకే తరగతి గదిని ఇద్దరు ఉపాధ్యాయులు ఒకరి తరువాత ఒకరు వాడుకొంటున్నారనుకొందాము. భౌతికశాస్త్రం చెప్పే మాస్టారు కటకాల ప్రయోగం కోసం కిటికీలన్నీ మూయించి, బల్లలను గోడవైపు త్రిప్పించి, ఒక్క దీపం వెలిగించినారు. గంట ఇంకా కొట్టకముందే హెడ్మాస్టరుగారు పిలిపించినందున ఉన్నవి ఉన్నట్లే వదలి వెళ్లినారు. తరువాతి గంటకు వచ్చిన తెలుగు మాస్టారు చీకటిలో తడుముకొంటూ "ఈ గదికి ఏమైనది?" అని అడుగుతారు. గదికి ఏమీ కాలేదు. దాని అమరిక మాత్రం ముందువారి పాఠానికి తగినట్లుగా మిగిలిపోయినది.

తప్పు సర్దకుండా వెళ్లిన మాస్టారిదా? లేక, పాఠానికి కావలసిన అమరికను గదికి తప్ప పాఠానికి తగిలించే వీలు లేని ఏర్పాటుదా? కంప్యూటరు తెర విషయంలో ఈ ప్రశ్న అర్ధశతాబ్దంగా ఉన్నది. మన పాఠ్యగ్రంథాలు దీనిని ప్రశ్నగానే ఎత్తుకోవు. కొన్ని ఆదేశాలను వరుసగా ఇచ్చి, "ఇట్లా వ్రాయవలెను" అని ముగిస్తాయి. ఆ వైఖరికి నేనూ ఒకప్పుడు లోబడినవాడినే. దానివల్ల ఒక విద్యార్థికి నష్టం కూడా జరిగినది.

ఆ విద్యార్థి డిగ్రీ చివరి సంవత్సరంలో గ్రంథాలయ పుస్తకాల పట్టికను నిర్వహించే ప్రోగ్రామును సి భాషలో వ్రాసినాడు. లైనక్స్ యంత్రం మీద తెరనిండా గళ్లు గీసి, బాణం మీటలతో పైకి క్రిందికి జరిగే ఎంపికలు అమర్చినాడు. ఒక ఎంపికను నొక్కితే అదివరకే వ్రాసి ఉంచుకొన్న మరొక చిన్న ప్రోగ్రాము నడవవలెను. అది పుస్తకాల జాబితా అచ్చువేసి, "ఏ పుస్తకం?" అని అడిగి, ఒక వరుస చదువుకొంటుంది. విడిగా నడిపితే ఆ చిన్న ప్రోగ్రాము చక్కగా పనిచేసేది. పరీక్షనాడు పెద్ద ప్రోగ్రాము లోపలినుంచి దానిని నడిపేసరికి జాబితాలోని ప్రతి వరుసా ముందు వరుస ముగిసిన చోటి క్రిందనుంచి మొదలై, మెట్లు మెట్లుగా కుడిప్రక్కకు దిగజారినది. కుర్రవాడు పుస్తకం సంఖ్య కొట్టినాడు. తెరమీద ఏమీ కనిపించలేదు. ఎంటర్ నొక్కినాడు, చలనం లేదు. కంట్రోల్-సి నొక్కినాడు; అదీ లేదు. చివరకు కంగారులో మీట ఆపి యంత్రాన్ని ఆర్పివేసినాడు. అంతకుముందు గంటసేపు ఎక్కించిన పుస్తకాల వివరాలు డిస్కుకు చేరకుండానే పోయినవి. "నీ ప్రోగ్రాము తప్పు" అని నేనే అన్నాను. మార్కులు కూడా ఆ ప్రకారమే పడినవి.

అతని ప్రోగ్రాములో లోపం ఉన్న మాట నిజమే. కాని ఆ లోపం ఎటువంటిదో, దానిని చేయకుండా ఉండడానికి అతనికి మేము ఏమి నేర్పినామో తరువాత ఆలోచించినప్పుడు నా తీర్పు అంత తేలికగా చెప్పదగినది కాదని తోచినది.

విషయం అర్థం కావలెనంటే టెర్మినలు అనే మాట ఎక్కడిదో చూడవలెను. 1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ మొదలైనవారు యునిక్స్ వ్యవస్థను ప్రారంభించినప్పుడు మనిషికీ కంప్యూటరుకూ మధ్య ఉన్న సాధనం టెలిటైపు యంత్రం. ఆనాడు విరివిగా వాడుకలో ఉన్న 33వ నమూనా టెలిటైపు సెకనుకు 10 అక్షరాలు కాగితంపై కొట్టేది. యునిక్స్‌లో నేటికీ టెర్మినలుకు టిటివై అనే పేరు ఉండడం ఆ టెలిటైపు జ్ఞాపకమే. కాగితంపై పడిన అక్షరాన్ని చెరపడానికి వీలులేదు గనుక, తప్పు కొడితే దాని వెంట # గుర్తు కొట్టేవారు. "ముందున్న అక్షరాన్ని లెక్కచేయవద్దు" అని దాని అర్థం. వరుస మొత్తం రద్దు కావలెనంటే @ గుర్తు.

ఈ దిద్దుబాట్లన్నీ ప్రతి ప్రోగ్రామూ తనంతట తాను చేసుకోనక్కరలేకుండా, వ్యవస్థకు గర్భమైన కెర్నెలే చేసిపెట్టేది. మనం కొట్టిన అక్షరాలను అది ప్రోగు చేస్తుంది, తప్పులు దిద్దుతుంది, ఒక్కొక్క అక్షరాన్ని తిరిగి తెరకో కాగితానికో పంపి మనకు చూపుతుంది, ఎంటర్ నొక్కిన తరువాతనే శుభ్రమైన వరుసను ప్రోగ్రాముకు అందిస్తుంది. కంట్రోల్-సి వంటి మీట పడితే దానిని అక్షరంగా ఇవ్వక, ప్రోగ్రామును ఆపివేయుమనే సంకేతంగా మారుస్తుంది. దీనికి ఇంగ్లీషువారు పెట్టిన పేరు "వండిన" రీతి. ఏ వడ్డనా లేకుండా నొక్కిన మీటను నొక్కినట్లే ప్రోగ్రాము ముందు పడవేయడం "పచ్చి" రీతి. వంటింటి మాటలే అయినా ఈ పేర్లు భావాన్ని చక్కగా పట్టి ఇస్తాయి. ఈ రెంటికీ నడుమ, మీటలు వెంటనే అందుతూనే కంట్రోల్-సి మాత్రం సంకేతంగా పనిచేసే రీతి కూడా ఒకటి తరువాత వచ్చినది. దానిని సగం ఉడికినదని అనుకోవచ్చును.

టెలిటైపు కాలంలో రీతిని మార్చవలసిన అవసరం చాలా తక్కువ. రహస్యపదం కొట్టేటప్పుడు అక్షరాలు కాగితంపై పడకుండా ఆపడం ప్రధానమైన సందర్భం. కనుక "ఈ టెర్మినలు ఇప్పుడు ఏ రీతిలో ఉన్నది?" అనే సమాచారాన్ని టెర్మినలుకే అంటగట్టి ఒక్క చోట ఉంచడంలో ఆనాడు ఎవరికీ ఇబ్బంది తోచలేదు. వేగం ఎంత, ఏ అక్షరం చెరిపే అక్షరం అనేవి నిజంగా యంత్రానికి సంబంధించిన గుణాలే.

కాగితం పోయి గాజు తెర వచ్చిన తరువాత పరిస్థితి మారినది. 1976లో లియర్ సీగ్లర్ వారి ఎడిఎం-3ఎ, 1978లో డెక్ వారి విటి100 వెలువడినవి. విటి100 తెరపై 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. చుక్కాని వంటి కర్సరును తెరపై ఎక్కడికైనా పంపవచ్చును, చెరపవచ్చును, గీతలు గీయవచ్చును. బర్క్లీలో బిల్ జాయ్ వ్రాసిన విఐ ఎడిటరు ఎడిఎం-3ఎ వంటి తెరలపైనే పెరిగినది. అట్టి ప్రోగ్రాముకు ఒక్కొక్క మీటా నొక్కగానే అందవలెను. కెర్నెలు దానిని తెరపై చూపకూడదు. ఎంటర్ కోసం ఆగకూడదు. అంటే పచ్చి రీతో, సగం ఉడికిన రీతో కావలెను. ఎడిటరు మొదలు కాగానే రీతిని మారుస్తుంది, ముగిసేటప్పుడు తిరిగి పెడుతుంది.

ఇంతవరకు బాగున్నది. చిక్కంతా నడిమధ్య ఉన్నది. ఎడిటరులో ఉండగానే ఫైళ్ల జాబితా చూడవలెననిపిస్తుంది. అప్పుడు ఎడిటరు మరొక ప్రోగ్రామును నడపవలెను. యునిక్స్‌లో ఒక ప్రోగ్రాము మరొకదానిని పుట్టించడం గొప్ప శుభ్రమైన పద్ధతి. పిల్ల ప్రోగ్రాముకు తల్లి జ్ఞాపకానికి ఒక నకలు అందుతుంది. పిల్ల తనకు అందిన విలువలను ఎంత తారుమారు చేసినా తల్లివి చెక్కుచెదరవు. పిల్ల వేరొక డైరెక్టరీలోనికి వెళ్లినా తల్లి ఉన్నచోటనే ఉంటుంది. యునిక్స్ పాఠం చెప్పేటప్పుడు ఈ ఏకాంతాన్ని మనం ఎంతో ఉత్సాహంగా వర్ణిస్తాము. విద్యార్థి ఆ పాఠాన్ని నమ్మి, తెరకు కూడా అదే న్యాయం వర్తిస్తుందని అనుకొంటాడు. అనుకోకుండా ఎట్లా ఉంటాడు? కాని టెర్మినలు రీతికి నకలు లేదు. తల్లికీ పిల్లకూ, ఆ టెర్మినలును తెరచి పట్టుకొన్న ప్రతివారికీ ఒక్కటే. తల్లి పచ్చి రీతిలో పెట్టి పిల్లను పిలిస్తే పిల్ల ఆ చీకటి గదిలోనే కళ్లు తెరుస్తుంది.

మా విద్యార్థి తెరమీద కనిపించిన ప్రతి వింతకూ ఇప్పుడు కారణం చెప్పవచ్చును. ప్రోగ్రాము వరుస చివర పంపే "కొత్త వరుస" అక్షరానికి అసలు అర్థం ఒక వరుస క్రిందికి దిగుమని మాత్రమే. ఎడమ అంచుకు పొమ్మని కాదు. టైపు యంత్రంలో ఈ రెండూ రెండు వేర్వేరు చేష్టలని టైపు నేర్చినవారికి తెలుసు. మామూలు రీతిలో కెర్నెలు ఎడమ అంచుకు పంపే అక్షరాన్ని తానే చేర్చి పంపుతుంది. పెద్ద ప్రోగ్రాము ఆ సహాయాన్ని నిలిపివేయించినది గనుక పిల్ల వ్రాసిన వరుసలు మెట్లుగా దిగినవి. సంఖ్య కొట్టినప్పుడు కనిపించకపోవడం, అక్షరాన్ని తిరిగి చూపే పని ఆగిపోయినందువల్ల. ఎంటర్ మీట నిజానికి పంపేది "ఎడమ అంచుకు" అనే అక్షరం. దానిని "కొత్త వరుస"గా మార్చేదీ కెర్నెలే. ఆ మార్పు లేనందున పిల్ల ప్రోగ్రాము వరుస ఇంకా ముగియలేదని నిరీక్షిస్తూనే ఉన్నది. కంట్రోల్-సి సంకేతం కాకుండా వట్టి అక్షరంగా దాని చేతిలో పడినది. ఆ యంత్రం ఒక్క క్షణం కూడా నిలిచిపోలేదు. తనకు చెప్పినట్లే, తప్పు లేకుండా నడుస్తూ ఉన్నది.

ఇక ఈ చిక్కుకు విరుగుడు ఏమి చేసినారో చూద్దాము. 1980 ప్రాంతంలో బర్క్లీలోనే కెన్ ఆర్నల్డ్ తెర పనులకు కర్సెస్ అనే గ్రంథాలయాన్ని కూర్చినాడు. (కర్సరు అనే మాటతో చేసిన చమత్కారం అది, ఇంగ్లీషులో శాపాలనే అర్థం కూడా వస్తుంది. వాడినవారికి రెండవ అర్థమే ముందు స్ఫురిస్తుంది.) నేడు లైనక్స్‌లో వాడే ఎన్‌కర్సెస్ దాని వంశంలోనిదే. ఇందులో రెండు రీతులను రెండు చీటీలమీద వ్రాసి పెట్టుకొంటారు. ప్రోగ్రాము మొదలుకాకముందు టెర్మినలు ఎట్లా ఉన్నదో ఒక చీటీ. దీనికి షెల్లు రీతి అని పేరు. షెల్లు అంటే మన ఆదేశాలు అందుకొని ప్రోగ్రాములను నడిపే ప్రోగ్రాము. తెర పనికి ఎట్లా మార్చుకొన్నదో మరొక చీటీ. ఇది ప్రోగ్రాము రీతి. మరొక ప్రోగ్రామును పిలవవలసి వచ్చినప్పుడు చేయవలసిన వరుస ఇది: డెఫ్‌ప్రోగ్‌మోడ్ అనే ఆదేశంతో ఇప్పటి రీతిని రెండవ చీటీపై వ్రాసుకోవలెను; ఎండ్‌విన్ అనే ఆదేశంతో మొదటి చీటీ ప్రకారం టెర్మినలును పూర్వస్థితికి తేవలెను; పిల్ల ప్రోగ్రామును నడపవలెను; అది ముగిసిన తరువాత రీసెట్‌ప్రోగ్‌మోడ్‌తో రెండవ చీటీకి తిరిగి వచ్చి, రిఫ్రెష్‌తో తెరను మళ్లీ గీయవలెను.

నాలుగు ఆదేశాలు. మా విద్యార్థి వ్రాయనివి ఇవే. ఎందుకు వ్రాయలేదు? అతనికి ఎండ్‌విన్ తెలుసు. ప్రోగ్రాము చివర వ్రాసినాడు కూడా. నా మొదటి విమర్శ ఇక్కడనే. ఎండ్‌విన్ అనే పేరులోనే ముగింపు ఉన్నది. పేరు చూచినవాడు అది చివర ఒక్కసారి వాడేదని అనుకోక మానడు. నిజానికి దాని పని ముగించడం కాదు, గుమ్మం దాటి బయట నిలబడడం. తిరిగి లోపలికి రావడానికి అసలు ప్రత్యేకమైన ఆదేశం కూడా అక్కరలేదు. బయటకు వెళ్లిన తరువాత రిఫ్రెష్ అని పిలిస్తే చాలు, గ్రంథాలయం తనంతట తానే లోపలికి వచ్చి తెరను గీస్తుంది. వెళ్లడానికి "ముగింపు" అనీ, రావడానికి "కొత్తగా చూపు" అనీ పేర్లు పెడితే, ఆ రెండూ ఒక జంట అని పసివాడికి ఎట్లా తెలుస్తుంది? గణితంలో ఎడమ కుండలీకరణానికి ఒక ఆకారం, కుడిదానికి దానితో పోలికే లేని మరొక ఆకారం పెట్టినట్లున్నది.

రిఫ్రెష్ సంగతి మరికొంత చెప్పవలెను. కర్సెస్ తెరపై ఏమున్నదో తన జ్ఞాపకంలో ఒక పటం వ్రాసుకొని, మారిన అక్షరాలను మాత్రమే తెరకు పంపుతుంది. సెకనుకు కొన్ని వందల అక్షరాలు మాత్రమే పోగల తంతులున్న కాలంలో ఇది గొప్ప పొదుపు. కాని గ్రంథాలయానికి చెప్పకుండా పిల్ల ప్రోగ్రాము తెరపై వ్రాస్తే ఆ పటానికీ తెరకూ పొత్తు కుదరదు. పటం ప్రకారం అక్కడ ఖాళీ ఉన్నది గనుక గ్రంథాలయం దానిని ముట్టదు. తెరమీద మాత్రం పిల్ల వ్రాతలు చెత్తగా మిగిలిపోతాయి. ఎండ్‌విన్ పిలిచి వెళితే, "నేను లేనప్పుడు ఎవరో వచ్చి ఉండవచ్చును" అని గుర్తుపెట్టుకొని, తిరిగి వచ్చేటప్పుడు తెరమొత్తం గీస్తుంది. చాలా ప్రోగ్రాములలో కంట్రోల్-ఎల్ నొక్కితే తెర మళ్లీ గీయబడే ఆచారం ఇట్టి చెత్త బాధనుంచే నిలిచినది.

అయితే ఇదంతా రోగం ఒక చోట, కట్టు ఒక చోట అన్నట్లున్నది. కర్సెస్ ఎంత జాగ్రత్తగా చీటీలు వ్రాసుకొన్నా, ఆ చీటీలు ప్రోగ్రాము జ్ఞాపకంలోనే ఉంటాయి. ప్రోగ్రాము అర్ధాంతరంగా చచ్చిపోతే చీటీలు దానితోనే పోతాయి. యునిక్స్‌లో 9వ సంఖ్య గల సంకేతం ఒకటి ఉన్నది. దానిని ఏ ప్రోగ్రామూ అడ్డుకోలేదు, చివరి మాట చెప్పుకోలేదు. ఎడిటరుకు ఆ సంకేతం పంపితే టెర్మినలు చీకటి గదిగానే మిగులుతుంది. తప్పిదం లేని ప్రోగ్రాము కూడా ఈ ఆపదనుంచి తన తరువాతివారిని తప్పించలేదు.

అటువంటప్పుడు షెల్లు ఎందుకు సర్దిపెట్టదు అని చురుకైన విద్యార్థి అడుగుతాడు. అడగవలెను కూడా. షెల్లు ప్రతి ప్రోగ్రాము ముగియగానే టెర్మినలును పూర్వపు రీతికి తెస్తే సరిపోదా? సరిపోదు. ఎస్‌టిటివై అనే ఆదేశం ఒకటున్నది. టెర్మినలు రీతిని మనం కోరినట్లు మార్చడమే దాని పని. అది కూడా షెల్లు నడిపే ఒక పిల్ల ప్రోగ్రామే! షెల్లు ప్రతిసారీ పూర్వస్థితిని తెచ్చేటట్లయితే ఎస్‌టిటివై చేసిన మార్పు మరుక్షణమే చెరిగిపోతుంది. మనిషి కోరి చేసిన మార్పునూ, చస్తున్న ప్రోగ్రాము వదలిపోయిన చెత్తనూ వేరుచేసి చూపే గుర్తు ఆ వ్యవస్థలో లేదు. అందుచేత బాష్ అనే షెల్లు ఒక ఊహ చేస్తుంది: ప్రోగ్రాము సవ్యంగా ముగిస్తే అది వదలిన రీతిని అంగీకరిస్తుంది, సంకేతం తగిలి చస్తే పాత రీతిని తిరిగి పెడుతుంది. జడ్‌షెల్‌లో టిటివైకంట్రోల్ అనే ఆదేశంతో రీతిని గడ్డకట్టించవచ్చును. అప్పుడు బయటి ప్రోగ్రాము ఏమి మార్చినా షెల్లు త్రోసివేస్తుంది. రెండూ తెలివైనవే. రెండూ ఊహలే.

1980 నాటి బర్క్లీ యునిక్స్‌లో మరొక మెట్టు ఎక్కినారు. కంట్రోల్-జడ్ నొక్కి ఒక ప్రోగ్రామును నిలిపి, వేరొక పని చూచుకొని తిరిగి దానిని మేల్కొలిపే పద్ధతి అప్పుడు వచ్చినది. ఆస్ట్రియాలోని ఒక అంతర్జాతీయ పరిశోధనాసంస్థలో జిమ్ కల్ప్ చేసిన పని దీనికి మూలం. దీనితోపాటు వెనుక నడుస్తున్న ప్రోగ్రాము టెర్మినలు రీతిని మార్చబోతే కెర్నెలు దానిని నిలిపివేసే కట్టడి కూడా ఏర్పడినది. ఇది నిజంగా మెచ్చుకోదగిన మార్పు. గదిలో పాఠం చెబుతున్నవారికి తప్ప ఇతరులకు కిటికీలపై అధికారం లేదన్నమాట. కాని తల్లి ప్రోగ్రాము, అది మామూలుగా పిలిచిన పిల్ల ఒకే గుంపులో ఉంటాయి గనుక మన చిక్కుకు ఇది మందు కాదు.

ఇంతకంటె లోతైన చిక్కు ఇంకొకటి ఉన్నది. కెర్నెలు ఎరిగిన రీతి ఒకటైతే, టెర్మినలు తనలో ఉంచుకొన్న స్థితి మరొకటి. విటి100 కాలం నుంచి తెరకు కొన్ని రహస్య అక్షరాల వరుసలు పంపి దాని స్వభావాన్ని మార్చవచ్చును: కర్సరును దాచుమని, అక్షరాల బదులు గీతలు గీయుమని, బాణం మీటలకు వేరొక సంకేతం పంపుమని. 1984లో పుట్టిన ఎక్స్‌టెర్మ్ వంటి కిటికీ టెర్మినళ్లలో రెండవ తెర ఒకటి చేరినది. ఎడిటరు దానిపై ఆడుకొని, పోతూ మొదటి తెరను చూపుతుంది. మౌసు కదలికలను అక్షరాలుగా పంపే స్థితి కూడా ఉన్నది. ఇవన్నీ కెర్నెలు దృష్టిలో వట్టి అక్షరాలు. వాటి అర్థం దానికి తెలియదు. తెలియనిదానిని అది పూర్వస్థితికి తేలేదు, షెల్లు ఊహ కూడా అక్కడికి అందదు. దూరాన ఉన్న యంత్రంతో ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా పనిచేస్తుండగా నడుమ తెగిపోతే, ఇక్కడి కెర్నెలు రీతి సర్దుకొంటుంది గాని తెర మాత్రం మౌసు కదిలినప్పుడల్లా పిచ్చి అక్షరాలు కక్కడం చాలామందికి అనుభవమే. మా విద్యార్థులు దీనిని వైరస్ అనుకొని భయపడతారు.

రెండవ తెర ఒక చిత్రమైన మర్యాదకు కూడా కారణమైనది. విమ్ ఎడిటరునుంచి వేరొక ప్రోగ్రామును నడిపితే అది ముగిసిన తరువాత ఎంటర్ నొక్కుమని అడుగుతుంది. ఎందుకనగా ఆ ప్రోగ్రాము మొదటి తెరపై వ్రాసినది. ఎడిటరు వెంటనే తిరిగి వస్తే రెండవ తెర కప్పివేసి, చదవవలసిన ఫలితం కంటికి ఆనకుండానే మాయమవుతుంది. ఆ ఒక్క ఎంటర్ చదువరికి ఇచ్చిన వ్యవధి. విద్యార్థుల ప్రోగ్రాములలో ఇది తరచుగా లోపిస్తుంది. ఫలితం ఒక మెరుపు మెరిసి పోతుంది.

ఈ ఏర్పాటును సమర్థించేవారు చెప్పే మాట ఒకటి ఉన్నది. రీతి టెర్మినలుకు చెంది ఉండబట్టే ఎస్‌టిటివై వంటి చిన్న ప్రోగ్రాము ఒకటి చాలు, అన్ని ప్రోగ్రాములకూ ఒక్కచోట అమరిక చేయవచ్చును అంటారు. వాదంలో బలం ఉన్నది. చెరిపే మీట ఏది, తంతి వేగం ఎంత అనే విషయాలకు నేను దానిని పూర్తిగా ఒప్పుకొంటాను. కాని 1988లో పోసిక్స్ ప్రమాణం వ్రాసినప్పుడు కూడా, తంతి వేగాన్నీ, అక్షరాన్ని తిరిగి చూపవలెనా అనే విషయాన్నీ టెర్మియోస్ అనే ఒకే పట్టికలో కలిపి ఉంచినారు. మొదటిది యంత్రం గుణం. రెండవది ఆ క్షణాన నడుస్తున్న ప్రోగ్రాము కోరిక. గది వైశాల్యాన్నీ, కిటికీ తెరచి ఉన్నదా అన్నదానినీ ఒకే రిజిస్టరులో శాశ్వత వివరాలుగా వ్రాసినట్లయినది. నా విమర్శకు మూలం ఈ కలగాపులగమే.

ఇది తప్పించరానిదని కూడా అనడానికి లేదు. యునిక్స్ పుట్టిన ప్రయోగశాలలోనే, థామ్సన్ వంటి పాతవారూ రాబ్ పైక్ వంటివారూ కలసి ప్లాన్ 9 అనే కొత్త వ్యవస్థను నిర్మించి 1992లో విశ్వవిద్యాలయాలకు అందజేసినారు. అందులో పచ్చి రీతి కావలసిన ప్రోగ్రాము ఒక ప్రత్యేకమైన ఫైలును తెరచి, అందులో "పచ్చి రీతి పెట్టు" అనే అర్థం గల మాట వ్రాస్తుంది. ఆ ఫైలును తెరచి పట్టుకొన్నంతవరకే ఆ రీతి. ఫైలు మూయగానే టెర్మినలు మామూలు స్థితికి వస్తుంది. ప్రోగ్రాము ఎట్లా చచ్చినా దాని చేతిలోని ఫైళ్లన్నిటినీ వ్యవస్థ మూసివేస్తుంది గనుక, 9వ సంకేతం తగిలినా చీకటి గది మిగలదు. పైగా అక్కడ ప్రతి కిటికీకి తన టెర్మినలు తనకే ఉంటుంది. మాస్టారు కిటికీ తలుపును చేత్తో పట్టుకొని ఉన్నంతసేపే అది మూసి ఉండి, చేయి వదలగానే దానంతట అది తెరచుకొనే ఏర్పాటు ఇది. ఎంత చిన్న మార్పు! పిల్లను పిలిచే ముందు తల్లి చేయి వదలవలసిన బాధ్యత అక్కడ కూడా ఉన్నది, అది ఒప్పుకోవలెను. కాని మరిచిపోయినవాడి తప్పు వాడితోనే ముగుస్తుంది, తరువాతివారికి అంటదు. ప్లాన్ 9 లోకంలో వ్యాపించలేదు. మన సర్వర్లన్నీ, లైనక్స్ యంత్రాలన్నీ 1988 నాటి ప్రమాణాన్నే మోస్తున్నవి.

అందుచేత బోధించేవారు చేయగల పని బోధనలోనే ఉన్నది. తెర చెడినప్పుడు యంత్రాన్ని ఆర్పనక్కరలేదు. కంట్రోల్-జె నొక్కి, కనిపించకపోయినా "ఎస్‌టిటివై సేన్" అని కొట్టి, మళ్లీ కంట్రోల్-జె నొక్కితే కెర్నెలు రీతి మామూలుకు వస్తుంది. ఎంటర్ బదులు కంట్రోల్-జె ఎందుకో పైన చెప్పినదే: ఎంటర్ పంపే అక్షరాన్ని మార్చేవారు లేరు గనుక, "కొత్త వరుస" అక్షరాన్ని మనమే నేరుగా పంపుతున్నాము. ఇది షెల్లు ముందు ఉన్నప్పుడు పనిచేసే ఉపాయం. ఏదైనా ప్రోగ్రాము నడుమ చిక్కుకొంటే మరొక కిటికీనుంచి దానిని ఆపించి, ఆపై ఇది చేయవలెను. అక్షరాలు గీతలుగా మారినప్పుడు, కర్సరు మాయమైనప్పుడు "రీసెట్" అనే ఆదేశం తెర లోపలి స్థితిని కూడా చాలావరకు సర్దుతుంది. ఆనాడు మా కుర్రవాడు వరుస చివర కంట్రోల్-జె నొక్కి ఉంటే, మెట్లు మెట్లుగానే అయినా, అతని పిల్ల ప్రోగ్రాము జవాబు చెప్పి ఉండేది.

పాఠ్యగ్రంథాల సంగతి చెప్పి ముగిస్తాను. నేను చూచిన ప్రయోగశాల చేతిపుస్తకాలలో కర్సెస్ పాఠం గళ్లు గీయడంతో మొదలై రంగులు వేయడంతో ముగుస్తుంది. మరొక ప్రోగ్రామును నడపడం అనే అంశం ఉంటే అది వేరే అధ్యాయంలో ఉంటుంది, అక్కడ తెర ప్రసక్తి ఉండదు. ఈ రెండు అధ్యాయాలు కలిసే చోట విద్యార్థి ఒంటరిగా నిలబడతాడు. ఆ చోటుమీదనే మేము అతనికి మార్కులు తగ్గించినాము. ఇప్పుడు మా ప్రయోగశాలలో కర్సెస్ మొదటి గంటలో గళ్లు గీయించడం లేదు. ప్రతి విద్యార్థిచేతా తన టెర్మినలును కావాలని చెడగొట్టించి, కళ్లకు కనిపించని అక్షరాలు కొట్టి బాగుచేయిస్తున్నాము. మొదటిసారి మెట్లు దిగుతున్న వరుసలను చూచి తరగతి అంతా నవ్వుతుంది. ఆ తరువాత రెండవ గంటలో ఎండ్‌విన్‌ను ప్రోగ్రాము నడుమ వ్రాయిస్తాము.